దక్షిణం వాకిట్లో మంగోలు మాట

మా అత్తయ్య పోయిందన్న కబురు నాకు బాపట్లలో, క్లాసు మధ్యలో అందింది. ఆఫీసు గుమాస్తా తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, రేపల్లె నుంచి ఫోనండి" అన్నాడు. ఫోన్లో పాస్టరుగారి గొంతు. "అమ్మా, మీ అత్తయ్యగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు" అన్నారు. అలాంటి మాట వినగానే మనిషికి ఏడుపు రావాలి. నాకు మాత్రం, ఈ సంగతిని ఆ భాషలో ఎలా చెప్పాలో తెలియదే అనిపించింది. ఆ భాషలో చావు గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. బల్ల మీద గ్లాసు, బల్ల కింద చెప్పులు, గిన్నెలో పాలు, నా పక్కన నువ్వు. మా చదువంతా ఇంతే. పోనీ అడుగుదామంటే అడగాల్సిన మనిషే లేదు.

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవటం లేదు. ఒకచోట కూర్చుంటే ఇంకోచోట ఏదో మరిచిపోయి వచ్చినట్లుంటోంది. ఈ నాలుగు మాటలు కూడా కాసేపు వంటింట్లో, కాసేపు వరండాలో, కాసేపు తెనాలి స్టేషన్లో బండి కోసం నిలబడి రాశాను. అతుకులు కనిపిస్తే మన్నించండి.

ఆ భాష అంటున్నాను, ఏ భాషో చెప్పలేదు. మంగోలు భాష. రేపల్లెలో కూర్చుని మంగోలు ఏంటని మీరు అడుగుతారు. మా బంధువులందరూ అడిగారు.

అత్తయ్య మా నాన్నకు పెదనాన్న కూతురు. మామయ్య ఢిల్లీలో స్టెనోగ్రాఫరుగా చేసేవాడు. డెబ్బైలలో ఆయన్ను మంగోలియాలోని మన రాయబార కార్యాలయానికి బదిలీ చేస్తే, అత్తయ్య వెంట వెళ్ళింది. ఆయన ఆఫీసుకు వెళ్ళాక కిటికీకి అవతల మంచు, ఇవతల అత్తయ్య. పిల్లలు లేరు. పక్క వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. అత్తయ్య ఆవిడను "మా ముసల్ది" అనేది, ఎంతో ప్రేమగా. ఇద్దరికీ కలిసిన భాష ఒక్కటీ లేదు. ముసల్ది రోజూ వచ్చి వంటింటి బల్ల ముందు కూర్చుని, గ్లాసును బల్ల మీద పెట్టి ఒక మాట, బల్ల కింద పెట్టి ఒక మాట, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట అనేదట. అత్తయ్యకు ఆ భాష అలా వచ్చింది. మామయ్య పోయాక, ఎనభైల మొదట్లో, రేపల్లె తిరిగొచ్చింది. ఆ వచ్చేటప్పుడు సామానుతోపాటు భాష కూడా వచ్చిందిగాని, దాన్ని దింపుకోవటానికి ఇక్కడ చోటు లేదు.

రేపల్లెలో అత్తయ్య అద్దెకు తీసుకున్నది దక్షిణం వాకిలి వాటా. అది ఎవరూ తీసుకోక ఖాళీగా పడి ఉండేది. మనవాళ్ళ సంగతి మీకు తెలుసు. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునేవాళ్ళు కూడా దక్షిణం వాకిలి అనేసరికి గొంతు తగ్గిస్తారు. ఆ ఇంటావిడ చీరాల చేనేత కుటుంబం నుంచి కోడలిగా వచ్చినావిడ, తూర్పు వాటాలో ఉండేది. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. "నేను ముందే చెప్పానమ్మా, అక్కయ్యగారూ, ఇది దక్షిణం వాకిలండీ, తరవాత నన్ననొద్దు అని. ఆవిడేమో అదే కావాలండి అంది. అదే కావాలనే మనిషిని నేను ఇంతవరకూ చూళ్ళేదు."

మంగోలులు గుడారం వేసుకుంటే గుమ్మం దక్షిణానికే పెడతారు, చలిగాలి ఉత్తరాన్నుంచి కొడుతుంది కాబట్టి. "మా ముసల్ది ముందు, వెనక, కుడి, ఎడమ అని చూపించిందంతా దక్షిణానికి తిరిగి నిలబడేనే" అనేది అత్తయ్య. "తూర్పు వాకిలి ఇంట్లో ఉన్నాననుకో, నా మాట తడబడుద్ది." భాష కోసం ఇంటి గుమ్మం చూసుకున్న మనిషిని నేనూ ఇంకెక్కడా చూడలేదు.

ఇక టీ. వాళ్ళు టీలో పాలు పోసి ఉప్పు వేస్తారు, చక్కెర వెయ్యరు. అత్తయ్య గేదెపాలతో అదే కాచుకునేది. కొత్తగా వచ్చిన పాస్టరుగారు పరామర్శకు వచ్చినప్పుడు అదే ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా పక్కపక్కన పెట్టుకోకండి. పెద్దవయసు."

"లేదండి. ఉప్పే వేశాను."

ఆయన మిగతాది ప్రార్థన చేసినంత శ్రద్ధగా తాగేశారు. పిన్నిగారు మాత్రం మొహమాటపడేది కాదు. "పెళ్ళివారికిస్తే సంబంధం తప్పిపోద్ది ఆ టీకి" అనేది.

నేను తెనాలిలో ఉంటూ బాపట్ల కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. అత్తయ్య దగ్గర ఆ చదువు మొదలైనప్పుడు నాకు ముప్ఫై దగ్గర పడుతోంది. పీహెచ్.డీ అంశం మార్చి మార్చి, అసలు చెయ్యాలా వద్దా అన్నదే అంశమైపోయిన రోజులు. పొద్దున్నే బాపట్ల బండి, సాయంత్రం తెనాలి బండి. నిడుబ్రోలు దాటుతున్నప్పుడల్లా ఇక్కడే దిగిపోతే ఏమవుతుందని అనిపించేది. ఎందుకు అనిపించేదో అడగకండి. ఆదివారం ఇంట్లో ఉండలేక రేపల్లె పాసింజరెక్కేదాన్ని. ఒక ఆదివారం నాన్న ఇచ్చిన కొల్లూరు అరటిపళ్ళు పట్టుకుని వెళ్తే, అత్తయ్య వంటింట్లో ఒక్కతే ఏదో మాట్లాడుతోంది.

"ఎవరితో అత్తయ్యా?"

"ఎవరితోనూ కాదే. మాట తుప్పు పట్టకుండా తోముకుంటున్నా." అరటిపళ్ళు అందుకుని, నా వంక కాసేపు చూసి, "నువ్వు నేర్చుకోకూడదూ? నాకు మాట్లాడే మనిషి లేదు" అంది.

నేను దానికి ఎందుకు ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు. మంగోలు మీద ప్రేమేమీ లేదు. ఆ అడిగిన తీరులో ఏదో ఉంది. ఒక భాష అత్తయ్య నోట్లో తప్ప ఈ జిల్లాలో ఇంకెక్కడా లేదు, ఆ నోరు ఒంటరిగా ఉంది. అది నాకు అర్థమైంది.

నేర్చుకోవటం మొదలుపెట్టాక నేను చదువుకున్న మనిషిలాగే ప్రవర్తించాను. వారమంతా బాపట్లలో పిల్లలకు ఇంగ్లీషు ప్రిపొజిషన్లు చెప్పేదాన్ని కదా, ఆన్, ఇన్, అండర్, విత్, ఫ్రమ్ అని ఒక పట్టీ గీసుకెళ్ళాను. అత్తయ్య బల్ల మీద స్టీలు గ్లాసు పెట్టి "షిరేన్ దేర్" అంది. గ్లాసు కింద పెట్టి "షిరేన్ దోర్" అంది. షిరే అంటే బల్ల. నేను గబగబా రాసుకుని, ఏదో కనిపెట్టినదానిలా అన్నాను.

"అత్తయ్యా, వీళ్ళకి ప్రిపొజిషన్లే లేవు. మాటకి ముందు రావాల్సింది వెనకొచ్చి తగులుకుంటోంది. ఎంత విచిత్రమో చూడు."

అత్తయ్య గ్లాసు ఎత్తి మళ్ళీ బల్ల మీద టక్కున పెట్టింది.

"ఇదెక్కడుందే?"

"బల్ల మీద."

"మీద అన్నది బల్లకి ముందొచ్చిందా, వెనకొచ్చిందా?"

నేనూ ఐదో తరగతిలో డుమువులు ప్రథమా విభక్తి అని ఊగుతూ అప్పజెప్పినదాన్నే. ఇంట్లో, ఇంటికి, ఇంటి నుంచి, నాతో, నీ పక్కన అని పుట్టినప్పటి నుంచి వెనక తగిలించుకుంటూనే బతికినదాన్ని. అయినా మంగోలు మాట వినగానే నా బుర్ర ముందు ఇంగ్లీషుకు పరిగెత్తింది, అక్కడ నిలబడి తలకిందులుగా చూసి విచిత్రం అంది.

"తెనాలి నుంచి రేపల్లె రావటానికి నువ్వు బెజవాడ పోయి వస్తున్నావే" అంది అత్తయ్య. "మన బండి తిన్నగానే వస్తుంది. మధ్యలో ఆ ఇంగ్లీషు స్టేషన్లో దిగి టీ తాగి రావటం దేనికి?"

పట్టీ మడిచి సంచిలో పెట్టేశాను. అక్కడి నుంచి వస్తువులే పుస్తకం. "మాటని కాగితం మీద పెట్టకు, వస్తువు మీద పెట్టు" అనేది. గెర్ అంటే ఇల్లు. గెర్త్ అంటే ఇంట్లో. గెరేస్ అంటే ఇంటి నుంచి. నేను రైలు దిగి వాకిట్లో నిలబడితే, ఎక్కడి నుంచి వచ్చావో చెబితేగాని లోపలికి రానిచ్చేది కాదు. పాలతో అనటానికి సూతే అంటారు, నాతో అనటానికి నద్‌తై. ఆ తై వినగానే మన తో గుర్తొచ్చి ఎగిరాను. ఈ రెండు భాషలకూ ఎప్పుడో చుట్టరికం ఉండి ఉంటుందని, ఇదే పీహెచ్.డీ అంశమని, బండి దొరకబుచ్చుకున్నట్లు చెప్పుకుపోతుంటే అత్తయ్య ఉప్పు టీ గ్లాసు నా ముందుకు జరిపింది. "పోలికలన్నీ చుట్టరికాలు కావు. తాగు."

తాగేదాన్ని. లేచి వాకిట్లోకి వెళ్ళేదాన్ని, వంటింట్లోకి వచ్చేదాన్ని. ఒకచోట కుదురుగా ఉండటం నా జాతకంలో లేదు. అప్పుడు అత్తయ్య బల్ల పక్కనున్న బెంచీ మీద కాస్త జరిగి, అరచేత్తో తట్టి, "మినీ ఖజూద్ సూ" అనేది. నా పక్కన కూర్చో. మా మాటల్లో నాకు అన్నిటికంటే తేలిగ్గా పట్టుబడింది అదే. మినీ అంటే నా, ఖజూద్ అంటే పక్కన, సూ అంటే కూర్చో. ఏ మాటా చోటు మారక్కర్లేదు. తిన్నగా వచ్చే బండి అది.

ఇలా ఏళ్ళు గడిచాయి. చదివే మీకు ఇదంతా ముచ్చటగా ఉండవచ్చు. నాకు మాత్రం లోపల ఒక పురుగు తొలిచేది. అనుమానం నా పాత జబ్బు. ఈ భాషను సరిచూసుకోవటానికి మా దగ్గర పుస్తకం లేదు, రేడియోలో అందదు, మాట్లాడే మూడో మనిషి లేడు. అత్తయ్య తప్పు చెబితే అది తప్పని చెప్పేవాళ్ళు లేరు. మేమిద్దరం మాట్లాడుకునేది నిజంగా మంగోలేనా, లేక అత్తయ్య సగం మరిచిపోయి, మిగతా సగం తెలుగుతో పూడ్చి, రేపల్లెలో తయారుచేసిన ఇంకేదన్నానా? ఒక ఆదివారం అడిగేశాను. అడగకుండా ఉండాల్సిందేమో.

అత్తయ్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"నాకూ అదే భయమే" అంది. "మొదట్లో కల్లోకి ముసల్ది వచ్చి మాట్లాడేది. ఇప్పుడు కల్లో కూడా నా గొంతే వినపడుతోంది."

నేనూ ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని ఒలవటం మొదలుపెట్టాను.

తొంభైలు వచ్చాక ఒకసారి, మా కాలేజీలో పనిచేసే స్నేహితురాలు స్టాఫ్ రూములో ఒక మాట చెప్పింది. పొలాలు చూడటానికి విదేశాల నుంచి కొందరు బాపట్ల వస్తున్నారు, వాళ్ళాయనకు ఆ ఏర్పాట్లలో పని ఉంది, వచ్చేవాళ్ళలో ఒకావిడది మంగోలియా. "మీ అత్తయ్యని తీసుకురావోయ్, మా ఇంట్లోనే వాళ్ళకి టీ" అంది. నేను ఆ సాయంత్రమే రేపల్లె వెళ్ళాను. అత్తయ్య విని, ఏమీ అనకుండా బీరువా తీసి గంజిపెట్టిన చీరాల చీర బయట పెట్టింది.

ఆ ఉదయం ఇద్దరం రేపల్లెలో పాసింజరెక్కాం. అత్తయ్య చీర మడతలు నలక్కుండా నిటారుగా కూర్చుంది. వాళ్ళ టీని నమ్మలేక సంచిలో చిన్న ఉప్పు పొట్లం పెట్టుకుంది. భట్టిప్రోలు దాటేదాకా కిటికీ వైపు తిరిగి పెదాలు కదుపుతూనే ఉంది. వేమూరు వచ్చేసరికి పెదాలు ఆగిపోయాయి. తెనాలిలో దిగి, బాపట్ల వైపు పోయే బండి ఆగే ప్లాట్‌ఫారానికి వచ్చాం. అక్కడి బెంచీ మీద కూర్చున్న అత్తయ్య, బండొస్తే లేవలేదు.

"నువ్వెళ్ళు. నేను రాను."

"ఇంతదూరం వచ్చి ఇదేంటి అత్తయ్యా. పద, ఎక్కు."

"అమ్మాయ్, ఒకటి చెప్పు. నేను మాట్లాడితే ఆవిడకి అర్థం కాలేదనుకో. నాకింకేం మిగులుద్దే? మామయ్య పోయాడు, ముసల్ది ఉందో లేదో తెలీదు. ఆ ఏళ్ళు నేను నిజంగా ఒక మనిషితో మాట్లాడానా, మాట్లాడాననుకున్నానా?" అని ఉప్పు పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు మాట్లాడి రా. నీ మాట ఆవిడకి అర్థం కాకపోతే నీ తప్పనుకుంటా."

నవ్వించటానికే అందేమో. నేను బండెక్కాను. బాపట్ల దాకా కూర్చోలేదు, తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఒక మనిషి ఏళ్ళు అన్నీ తెచ్చి నా నోట్లో పెట్టినట్లుంది.

ఆ మంగోలు ఆవిడకు యాభై దాటి ఉంటాయి. దళసరి కోటు బాపట్ల ఎండకు చేతిమీద వేసుకుని, అందరికీ తల ఊపుతోంది. నన్ను చూపించి "ఈవిడకి మీ భాష వచ్చండి" అని మా స్నేహితురాలు ఇంగ్లీషులో చెప్పగానే ఆవిడ నా వైపు తిరిగింది. అంతే, నా నోట్లో ఒక్క మాట లేదు. బల్ల లేదు, గ్లాసు లేదు. ఆవిడ ఏదో అడిగింది. అత్తయ్య గొంతు కాదు, రేపల్లె వేగం కాదు, ఒక్క ముక్క తెలియలేదు. ఆవిడ మర్యాదగా నవ్వి పక్కవాళ్ళతో మాటల్లో పడింది. నేను గోడకు ఆనుకున్నాను. ఇప్పుడు తెనాలి వెళ్ళి బెంచీ మీద ఉన్న మనిషికి ఏం చెప్పాలి?

టీ ఇచ్చారు. నేను పొడుగు సోఫాలో ఒక చివర కూలబడ్డాను. ఆవిడ గ్లాసు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలా అని చూస్తోంది. నేను ఆలోచించలేదు. కాస్త జరిగి, అరచేత్తో తట్టి అన్నాను.

"మినీ ఖజూద్ సూ."

ఆవిడ ఆగిపోయింది. నా వంక, నేను తట్టిన చోటు వంక చూసి, గదంతా తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. నవ్వుతూ వచ్చి కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. ఈసారి నెమ్మదిగా అడిగింది. ఎక్కడ నేర్చుకున్నావు? "గెర్త్" అన్నాను. ఇంట్లో. ఎవరితో? అత్తయ్యతో. ఆవిడ తన వెంట వచ్చిన దుబాసీ ద్వారా ఇంగ్లీషులో చెప్పించిన సంగతి ఏంటంటే, నా మాట స్పష్టంగా ఉందట, తప్పు లేదట. కాకపోతే నేను ఆవిడను కూర్చోండి అనలేదు, కూర్చోవే అన్నానట. పెద్దయ్యాక ఆవిడను అంత చనువుగా ఎవరూ పిలవలేదట, వాళ్ళమ్మ తప్ప. నేను ఉప్పు పొట్లం తీసిచ్చాను. ఆవిడ చక్కెర వేసిన టీలోనే ఒక చిటికెడు వేసుకుని, మొహం ఒకలా పెట్టి, మొత్తం తాగేసింది.

తెనాలిలో దిగేసరికి అత్తయ్య ఆ బెంచీ మీదే ఉంది. పొద్దున తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. నన్ను చూసి లేవలేదు, అడగలేదు.

"అర్థమైంది అత్తయ్యా" అన్నాను. "నవ్వింది."

"నవ్విందా? ఎందుకు?"

"నేను ఆవిడని కూర్చోవే అన్నాను."

అత్తయ్య అర్థం కానట్లు చూసింది. తరువాత ఒక్కో సంగతీ దాని చోటికి చేరుతున్నట్లు మొహం మారింది. ముసల్ది అత్తయ్యను చిన్నపిల్లతో మాట్లాడినట్లు మాట్లాడింది. అత్తయ్య నాతో అలాగే మాట్లాడింది. "నేనెట్లా అంటే నువ్వూ అట్లాగే అను" అనేది పాఠం చెప్పేటప్పుడల్లా, నేను అలాగే అన్నాను. మా ఇద్దరి భాషలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టే మర్యాదే లేదు, మా ఇంటికి మూడో మనిషి రాలేదు కాబట్టి.

"అయితే ముసల్ది నన్ను ఒక్కరోజన్నా అండీ అన్లేదన్నమాట" అంది అత్తయ్య. "నేనక్కడ ఎంబసీ వారి భార్యననుకున్నా." అని పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే బెంచీ మీద కాస్త జరిగి, డబ్బా మూత తీసి, ఎప్పుడూ అనే ఆ మూడు మాటలే అంది. కూర్చున్నాను. ఇడ్లీ గట్టిపడిపోయింది. ఇద్దరం తిన్నాం.

తరువాతి ఏళ్ళలో అత్తయ్య కల్లోకి ముసల్ది మళ్ళీ వచ్చిందో లేదో నేను అడగలేదు. వంటింట్లో ఒక్కతే మాట్లాడుకోవటం మాత్రం మానేసింది. ఆదివారాలు ఎదురుచూసేది. నాకు పీహెచ్.డీ కాలేదు, ఇక కాదు కూడా. ఆ భాషతో ఏం చేశావని అడిగితే చెప్పటానికి నా దగ్గర ఏమీ లేదు. క్లాసులో ప్రిపొజిషన్లు చెప్పేటప్పుడు మాత్రం, ముందు గ్లాసు బల్ల మీద పెట్టి మన భాషలో చెప్పండర్రా అంటాను. అత్తయ్యకు నేను చెల్లించగలిగింది అదేనేమో. ఏమో, అది కూడా చెల్లింపు అవునో కాదో.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక ఆడవాళ్ళందరం అత్తయ్య వాటాలో చాపల మీద కూర్చున్నాం. కూర్చున్నాం అన్నది అబద్ధం, వాళ్ళు కూర్చున్నారు. నేను వంటింట్లోకి, వాకిట్లోకి తిరుగుతున్నాను. ఒకటే ఆలోచన. ఇక ఈ భాష ఇక్కడ నా ఒక్కదాని నోట్లోనే ఉంది. ఇప్పుడు నేనూ గిన్నెలతో మాట్లాడుకోవాలా?

"అమ్మాయ్, ఎంతసేపు తిరుగుతావే" అంది పిన్నిగారు. పట్టించుకోకుండా ఇంకో చుట్టు వేశాను. ఆవిడ చాప మీద కాస్త జరిగి, అరచేత్తో తట్టింది.

"మినీ కజూదు సూ."

నేను గుమ్మంలో ఆగిపోయాను. "పిన్నిగారూ, ఏమన్నారు?"

"నువ్వొచ్చినప్పుడల్లా ఆవిడ అనేదేగా. ఇన్నేళ్ళు గోడవతలకి వినపడదా ఏంటి. ఏం, తప్పన్నానా?"

"లేదండి" అన్నాను. "మీరు నాకంటే పెద్దవారు. సరిగ్గానే అన్నారు."

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. దక్షిణం తలుపు బార్లా తెరిచి ఉంది, అటు నుంచి గాలి వస్తోంది. బల్ల మీద అత్తయ్య గ్లాసు ఉంది. బల్ల కింద ఆవిడ చెప్పులు ఉన్నాయి.